పాము విషమునుండి ఔషధము

కృష్ణా డెల్టా రైతు వరికోతల కాలమున గట్టుమీద అడుగు చూచి వేయును. ఎలుకలకై చేలలో తిరుగు రక్తపింజరయే అతని భయము. 2018 వర్షాకాలమున దివిసీమలో పాముకాట్లు హెచ్చి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసగా రాసాగిరి. ఇట్టి విషము మందు కాగలదా యన్న సందేహము సహజమే.

ఈ పామును శాస్త్రలోకమునకు తెలిపిన గ్రంథములలో మన తీరమునకు సంబంధించినదొకటి కలదు. పాట్రిక్ రసెల్ అను స్కాట్లండు వైద్యుడు కోరమాండల్ తీరపు పాములను గూర్చి 1796లో దానిని ప్రకటించెను. అందు 'కాటుక రేకుల పొడ' వంటి తెలుగు పేర్లనే వ్రాసికొనెను. నేడు ఆంగ్లమున రక్తపింజర ఆయన పేరుతోనే పిలువబడుచున్నది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులిచ్చిన 'బంగారస్' అను పేరు మన 'బంగారు' మాటయే.

రక్తపింజర విషములోని ఒక పదార్థము రక్తమును త్వరగా గడ్డకట్టించును. కాటువలన అది దేహమంతట వ్యాపించినపుడు, గడ్డకట్టుటకు కావలసిన సరుకంతయు ఖర్చయి, తుదకు రక్తము ఆగక స్రవించును. ఆ విషమునే మిక్కిలి పలుచన చేసి గాయముపై అద్దిన రక్తస్రావము నిలుచునని మాక్‌ఫర్లేన్, బార్నెట్ అను లండను వైద్యులు 1934లో తెలిపిరి. రక్తము గడ్డకట్టు తీరును పరీక్షించుటకు ప్రయోగశాలలలో అది నేటికిని వాడుకలో నున్నది.

బ్రెజిలు దేశమున జరరాక అను పాము కరచినవారికి రక్తపుపోటు పడిపోవును. రక్తనాళములను సడలించు బ్రాడికైనిన్ అను దేహపదార్థమునకు బలమిచ్చు అంశమును ఆ విషములో సెర్గియో ఫెరీరా 1965లో కనుగొనెను. ఆ మార్గముననే అమెరికాలో కుష్మన్, ఒండెట్టి అనువారు 'కాప్టోప్రిల్' మాత్రను రూపొందించిరి. 1981లో దానికి అనుమతి లభించెను. ఆ మాత్రలో పాము విషము లేదు. విషములోని అణువు పనిచేయు తీరును గ్రహించి రసాయనశాలలో నిర్మించినదది. విషమును మ్రింగుట వేరు, విషమునుండి నేర్చుకొనుట వేరు.

కావున విషమునకు విషమే విరుగుడని నాటుమందులను నమ్మరాదు. కాటుకు విరుగుడు గుఱ్ఱముల రక్తమునుండి తయారగు సీరమే. మన దేశపు సీరము నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర అను నాలుగింటికిని పనిచేయును. కాటు పడినచోట కోయక, బిగించి కట్టక, ఆ అవయవమును కదలనీయక, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. జాగు చేసిన ప్రతి ఘడియ పామునకే లాభము.