గుర్రానికి పళ్లు తోమే చదువు

"ఏరా, ఏం చేస్తున్నావ్? గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నావా?" సెలవులకి ఇంటికెళ్లి పన్నెండింటికి నిద్రలేచిన వాళ్లందరికీ ఈ మాట అలవాటే. పనీపాటా లేదని వెక్కిరింపు. కానీ గుర్రానికి నిజంగానే పళ్ల పని ఉంటుంది. నమిలేకొద్దీ దాని పళ్లు అరుగుతాయి, అరిగేకొద్దీ చిగుళ్లలోంచి ఇంకా పైకొస్తాయి. సమంగా అరగకపోతే అంచులు పదునెక్కి బుగ్గల్ని, నాలుకని కోసేస్తాయి. అందుకే ఏడాదికోసారైనా వెటర్నరీ డాక్టర్ నోరు చూసి, అవసరమైతే ఆకురాయితో రాస్తారు. ఫస్టియర్ ఫిట్టింగ్ ల్యాబ్‌లో మనం రాసినట్టే!

అమెరికాలో ఇలాంటివన్నీ స్కూలు పిల్లలు నేర్చుకుంటారు. దాని పేరు ఫోర్-హెచ్. హెడ్, హార్ట్, హ్యాండ్స్, హెల్త్: ఆ నాలుగు హెచ్‌లూ ఇవే. 1902లో ఒహాయో రాష్ట్రంలో పల్లెటూరి పిల్లల క్లబ్బుగా మొదలైంది. 1914లో వచ్చిన స్మిత్-లీవర్ చట్టంతో వ్యవసాయ యూనివర్సిటీల విస్తరణ విభాగాల కిందకి చేరింది. అందులో ఒక ప్రాజెక్టు గుర్రాలది.

గుర్రం ఎక్కడం అందులో చిన్న భాగమే. పేడ ఎత్తడం, మాలీసు చేయడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయడం, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించడం, మేతకీ డాక్టరుకీ ఎంతయిందో రికార్డు బుక్కులో రాయడం, అన్నీ చేయాలి. సొంత గుర్రం లేని పిల్లల కోసం 'గుర్రం లేని గుర్రం ప్రాజెక్టు' కూడా ఉంది. జోక్ కాదు, నిజంగానే ఆ పేరుతోనే నడుస్తుంది!

అసలు భయం కడుపునొప్పి దగ్గర. మనకైతే ఒక మాత్రతో పోతుంది. గుర్రానికి ప్రాణం మీదికొస్తుంది. ఎందుకంటే గుర్రం వాంతి చేసుకోలేదు. అన్నవాహిక కడుపులోకి దిగే చోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. మన భాషలో వన్-వే వాల్వ్. అయిదు వందల కిలోల జంతువుకి కడుపు మాత్రం పది పన్నెండు లీటర్లే. గడ్డి అసలు పులిసి అరిగేది వెనకున్న పెద్దపేగులో. ఆ పేగు ఒక చోట వెనక్కి మెలిక తిరిగి సన్నబడుతుంది. నీళ్లు తక్కువ తాగితే మేత అక్కడే గడ్డకట్టుకుపోతుంది.

కాబట్టి పిల్లలు ముందు గుర్తులు నేర్చుకుంటారు. మేత ముట్టకపోవడం, కాలితో నేల గీరడం, మాటిమాటికీ పొట్ట వైపు తిరిగి చూడటం, పడుకుని పొర్లడం. వెంటనే మేత తీసేయాలి, డాక్టర్‌కి ఫోన్ చేయాలి, సొంతవైద్యం చేయకూడదు. డాక్టర్ వచ్చేలోపు అంకెలు సిద్ధంగా ఉండాలి. మామూలుగా నాడి నిమిషానికి 28 నుంచి 44, ఒంటివేడి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీట్. పొట్టకి చెవి ఆనిస్తే గుడగుడలు వినిపించాలి. నిశ్శబ్దంగా ఉందంటేనే ప్రమాదం.

క్యాంపుల్లో ఈ జాగ్రత్త రెట్టింపు. కొత్తచోట నీళ్ల రుచి మారితే కొన్ని గుర్రాలు సరిగ్గా తాగవు. ఒకరి బకెట్ ఇంకొకరి గుర్రానికి పెట్టకూడదు, జబ్బులు అంటుకుంటాయి. షోకి వెళ్లాలంటే సాధారణంగా కాగిన్స్ అనే రక్తపరీక్ష రిపోర్టు చూపించాలి. జోరీగల ద్వారా పాకే ఒక రక్తహీనత జబ్బు కోసం ఆ పరీక్ష. దానికి మందు లేదు. తేలితే ఆ గుర్రాన్ని చంపేయాలి, లేదా బతికినన్నాళ్లూ మిగతా గుర్రాలకి దూరంగా ఉంచాలి.

షోల్లో నాకు నచ్చింది గ్రేడింగ్. 'షోమన్‌షిప్' పోటీలో గుర్రం అందానికి మార్కులుండవు. పిల్ల దాన్ని ఎంత శుభ్రంగా ఉంచింది, ఎలా నడిపించింది, జడ్జి చుట్టూ తిరుగుతుంటే అడ్డురాకుండా ఎలా నిలబడింది అన్నదే చూస్తారు. చాలాచోట్ల ప్రమాణం అందుకున్న వాళ్లందరికీ నీలం రిబ్బనే. అంటే రిలేటివ్ గ్రేడింగ్ కాదు, అబ్సల్యూట్!

కష్టమైన లెక్క ఒకటుంది. పిల్లలకి ఫోర్-హెచ్ 18, 19 ఏళ్లకి అయిపోతుంది. గుర్రం 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. హాస్టల్‌కి గుర్రాన్ని తీసుకెళ్లలేరు కదా! అందుకే మంచి క్లబ్బులో కొనేముందే అడుగుతారు, "నువ్వు వెళ్లిపోయాక దీన్ని ఎవరు చూస్తారు?" అని. అద్దెకి తీసుకోవడం, చిన్నపిల్లలకి అప్పగించడం, ఏదో ఒక జవాబు ఉండాలి.

మన దగ్గరా దీనికి దగ్గరిది ఉంది. ఎన్‌సీసీలో రిమౌంట్ అండ్ వెటర్నరీ యూనిట్లు ఎక్కువగా వెటర్నరీ కాలేజీలతో కలిసి నడుస్తాయి. అక్కడ గుర్రం కేడెట్‌ది కాదు, యూనిట్‌ది. బ్యాచ్‌లు మారతాయి, గుర్రం ఉంటుంది. పై ప్రశ్నకి అదీ ఒక జవాబే.

ఈసారి మావయ్య గుడ్డి గుర్రం మాటెత్తితే చెప్పండి: గుడ్డిదైనా సరే, ఏడాదికోసారి దాని పళ్లు చూపించాల్సిందే అని.