ఎన్ని? ఎంత? ఇంగ్లీషులో లెక్క తప్పకుండా



మాదాపూర్‌లో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఈనాడు హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసులలో ఉద్యోగమంటే ఇంగ్లీషులో మాట్లాడటం, మెయిల్ రాయడం కూడా. చదువు, తెలివి ఉన్న మన పిల్లలు సైతం అక్కడ చిన్న మాటల దగ్గర తడబడుతుంటారు. మీ విరాళాలతో నడిచే ఇంగ్లీషు తరగతులలో మేము చెప్పే అలాంటి ఒక పాఠాన్ని మీ ముందుంచుతున్నాము.

లెక్కపెట్టగలిగిన వాటికి ఇంగ్లీషులో 'మెనీ', 'ఫ్యూ' వాడతారు. లెక్కపెట్టలేని వాటికి 'మచ్', 'లిటిల్'. తెలుగులో ఈ తేడా ముందే ఉంది: ఎన్ని పుస్తకాలు, ఎంత సమయం. ఉర్దూలో 'కిత్నీ చాయ్', 'కిత్నీ కితాబేఁ' అని రెండింటికీ ఒకే మాట చెల్లుతుంది. అందుకే ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు కూడా తెలుగు ప్రశ్ననే గుర్తుగా ఇస్తాము: 'ఎన్ని' అయితే మెనీ, 'ఎంత' అయితే మచ్.

అయితే ఈ గుర్తు అన్నిచోట్లా పనిచేయదు. నీళ్ళు, పాలు, డబ్బులు మనకు బహువచనం. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, మనీ లెక్కకు రావు. మనం నాలుగు సలహాలు ఇస్తాం. ఇంగ్లీషులో 'అడ్వైస్' ఎప్పుడూ ఏకవచనమే. ఇన్ఫర్మేషన్, ఎక్విప్‌మెంట్, సాఫ్ట్‌వేర్, ఫీడ్‌బ్యాక్ వంటి ఆఫీసు మాటలూ అంతే. వీటి చివర 'ఎస్' చేర్చకూడదు, ముందు 'మెనీ' పెట్టకూడదు. లెక్క చెప్పాలంటే 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్' అనాలి. సందేహం వస్తే 'సమ్', 'ఎ లాట్ ఆఫ్' రెండు రకాలకూ సరిపోతాయి.

ఎక్కువ నష్టం చేసేది 'ఎ' అనే చిన్న మాట. 'ఐ హావ్ ఎ లిటిల్ ఎక్స్‌పీరియెన్స్' అంటే నాకు కొంత అనుభవం ఉందని. 'ఎ' జారిపోతే, అనుభవం దాదాపు లేదని అర్థం. 'ఎ ఫ్యూ ప్రాజెక్ట్స్' అంటే కొన్ని ప్రాజెక్టులు. ఉత్త 'ఫ్యూ' అంటే చేసినవి బహు తక్కువ అని. తెలుగులో గానీ ఉర్దూలో గానీ ఇలాంటి 'ఎ' లేదు కనుక, మన పిల్లల నోట అది సులువుగా జారిపోతుంది. ఆరు నెలలు పనిచేసిన అమ్మాయి ఇంటర్వ్యూలో తన అనుభవాన్ని తానే కాదన్నట్లవుతుంది.

ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఎదురుగా ఒకరు కూర్చుని అడుగుతుంటే, జవాబు చెప్పీ చెప్పీ నాలుకకు అలవాటు కావాలి. ఐటీ కంపెనీలలో పనిచేసే దాతలు వారానికి ఒక గంట వచ్చి మాదిరి ఇంటర్వ్యూలు చేయవలసిందిగా కోరుతున్నాము. మీ విరాళంతో తరగతి నడుస్తోంది. ఆ గంటతో పిల్లల మాటకు ధైర్యం వస్తుంది.