ఫోన్‌తో పడవ బ్యాలెన్స్ చెక్ చేయొచ్చా? డొంకూరులో టెస్ట్ చేశాను

వేక్‌సర్ఫింగ్ వీడియోలు చూసేవాళ్లకి ఈ సీన్ తెలిసే ఉంటుంది. డ్రైవర్ టచ్‌స్క్రీన్ మీద ఒక ట్యాప్ ఇస్తాడు. పంపులు స్టార్ట్ అవుతాయి, ట్యాంకుల్లోకి వందల లీటర్ల నీళ్లు ఎక్కుతాయి, బోటు నీళ్లలోకి దిగి వెనకాల పెద్ద అల లేస్తుంది. ఆ బరువునే బ్యాలస్ట్ అంటారు.

మాది శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం డొంకూరు. మా చిన్నాన్నకి ఫైబర్ తెప్ప ఉంది. దానికి టచ్‌స్క్రీన్ లేదు. వల ఎక్కడ పడేయాలి, ఐస్ పెట్టె ఎక్కడ పెట్టాలి అన్నది ఆయన కాళ్లకే తెలుసు. అయినా కిందటేడు ఒడ్డుకి వస్తుంటే పక్కనుంచి కొట్టిన అలకి తెప్ప దాదాపు బోల్తా పడింది. "ముందునుంచే తెప్ప మత్తుగా ఊగతంది రా, నేనే పట్టించుకోలేదు" అన్నాడు. ఆ "మత్తు"ని నంబర్‌గా మార్చొచ్చా? వేట నిషేధం రోజుల్లో (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు) తెప్ప ఖాళీగానే ఉంటుంది కాబట్టి సెలవు పెట్టి ఇంటికొచ్చాను.

వేక్ బోటులో ఏం జరుగుతుంది?

వేక్‌బోర్డింగ్‌లో రైడర్ రెండు వైపులా తిరుగుతాడు. అందుకే బరువు ఎడమ, కుడి సమానంగా ఉండాలి. స్పీడ్ గంటకి 32-37 కిలోమీటర్లు. వేక్‌సర్ఫింగ్‌లో స్పీడ్ 16-18 మాత్రమే. పాత పద్ధతిలో రైడర్ ఉండే వైపు వెనక మూలలో బరువు ఎక్కువ పెట్టి బోటుని వాల్చేవాళ్లు. ఇప్పుడు చాలా బోట్లలో బరువు సమానంగానే నింపి, వెనకున్న పలకలతో అలని ఒక పక్కకి తయారు చేస్తున్నారు. లెక్క ఈజీ: లీటరు మంచినీళ్లు అంటే ఒక కిలో. 340 లీటర్ల బ్యాగ్ అంటే ఐదుగురు మనుషుల బరువు.

ఒక వార్నింగ్. ఇది మన తెప్పల వెనక ట్రై చేయొద్దు. అవుట్‌బోర్డ్ మోటార్ ఫ్యాన్ పడవ వెనకే తిరుగుతుంది, సర్ఫర్ ఉండేది కూడా అక్కడే. ఫ్యాన్ పడవ అడుగున దాగి ఉండే బోట్లే దీనికి వాడతారు.

టెస్ట్ సెటప్

జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ వాళ్ల ఫ్రీ యాప్ ఫైఫాక్స్ వాడాను. ఫోన్‌లోని యాక్సిలరోమీటర్, జైరోస్కోప్ డేటాని ఇది గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఫోన్‌ని చెక్క మీద టేప్‌తో అంటించి, తెప్ప మధ్యలో పెట్టాను. చిన్నాన్న చూసి, "తెప్పకి జొరం వచ్చిందేట్రా, థర్మామీటరు ఎట్టావు?" అన్నాడు.

బాహుదా మొగ దగ్గర నీళ్లు కదలకుండా ఉన్న చోట, ఒక అంచు తొక్కి వదిలేయడం, తెప్ప అటు వెళ్లి ఇటు వచ్చి మళ్లీ మొదటి చోటికి చేరే టైమ్ చూడటం. ప్రతిసారీ నాలుగైదు ఊగులు లెక్కేసి సగటు తీశాను. ఇది నా ఐడియా కాదు. 70 మీటర్ల లోపు ఓడలకి ఇదే టెస్ట్ ఐఎంఓ స్టెబిలిటీ కోడ్‌లో ఉంది. వెడల్పుని 0.8తో గుణించి, ఊగే టైమ్‌తో భాగించి, వర్గం చేస్తే మెటాసెంట్రిక్ హైట్ ఉజ్జాయింపుగా వస్తుంది. అది ఎంత తగ్గితే వాలిన తెప్ప తిరిగి లేచే బలం అంత తగ్గినట్టు. మా తెప్ప వెడల్పు 1.9 మీటర్లు.

రిజల్ట్స్

ఖాళీ తెప్ప, ఇద్దరం: 2.1 సెకన్లు, 0.52 మీటర్లు.
వలలు పైన పలకల మీద కుప్పగా: 2.6 సెకన్లు, 0.34 మీటర్లు.
అవే వలలు అడుగుకి దించాక: 2.3 సెకన్లు, 0.44 మీటర్లు.
దానికి తోడు అడుగున 100 లీటర్ల వదులు నీళ్లు: 2.9 సెకన్లు, 0.27 మీటర్లు.
అవే 100 లీటర్లు ఐదు క్యాన్లలో నింపి, కట్టేసి: మళ్లీ 2.3 సెకన్లు.

నాకు షాక్ ఏంటంటే, లెవెల్ యాప్ ఈ ఐదింటికీ దాదాపు సున్నా డిగ్రీలే చూపించింది! అంటే తెప్ప నిటారుగా ఉండటం వేరు, స్టెబుల్‌గా ఉండటం వేరు. నేను ముందు లెవెల్ యాప్ ఒక్కటే చాలనుకున్నాను.

బరువు అదే అయినా వదులు నీళ్లు ప్రమాదం. తెప్ప ఎటు వాలితే నీళ్లు కూడా అటే పరుగెత్తి ఇంకా వాలుస్తాయి. ఈ నష్టం నీటి వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పొడుగునా మధ్యలో ఒక అడ్డు పెడితే నాలుగో వంతుకి పడిపోతుంది. వేక్ బోట్ల వాళ్లు బ్యాగ్‌ని సగం నింపి వదిలేయకుండా గాలి తీసేసి ఫుల్ చేయడానికి ఇదీ ఒక కారణం. కిందటేడు చిన్నాన్న తెప్పలో వలలు పైన, నీళ్లు అడుగున. రెండు తప్పులూ ఒకేసారి.

మీరు ట్రై చేస్తే

కెమెరా బంప్ వల్ల ఫోన్ వాలి ఉంటుంది. వాలు కొలిచేటప్పుడు ఫోన్‌ని 180 డిగ్రీలు తిప్పి మళ్లీ చూసి సగటు తీయండి. ఊగే టైమ్‌కి మాత్రం ఈ తలనొప్పి లేదు, కావాల్సింది గ్రాఫ్‌లో శిఖరాల మధ్య గ్యాప్ మాత్రమే. అందుకే పాత బడ్జెట్ ఫోన్ అయినా చాలు. ఐపీ68 ఉంది కదా అని ధైర్యం వద్దు, ఆ టెస్ట్ మంచినీళ్లలో చేస్తారు. జిప్ కవర్‌లో పెట్టండి. లైఫ్ జాకెట్ తప్పనిసరి.

ఫైనల్ మాట

ఫార్ములా ఇచ్చే మీటర్లు ఉజ్జాయింపే. వాటిని చూసి సముద్రంలోకి వెళ్లొచ్చా లేదా అని తేల్చకండి. కానీ అదే తెప్పలో నిన్నటికీ ఇవాళ్టికీ తేడా మాత్రం ఇది స్పష్టంగా పట్టేస్తుంది.

చిన్నాన్న యాప్ ఇన్‌స్టాల్ చేసుకోలేదు. వలలు మాత్రం అడుగుకి దించాడు, నీళ్లు తోడే డబ్బా చేతికి అందేలా కట్టాడు. నేను హైదరాబాద్ బయల్దేరే రోజు అంచు తొక్కి వదిలి, "ఒకటి... రెండు..." అని తనే లెక్కపెడుతున్నాడు.