నడిమి యక్షరము

అమీర్‌పేటలో మైత్రీవనము ముంగిట నిలిచి తలయెత్తి చూచినచో ఆకాశముకంటె ముందుగా కన్నులబడునవి పేరుపలకలు. కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయముల పేళ్లు అంతస్తుమీద అంతస్తుగా వ్రేలాడుచుండును. వానిలో పెక్కింటిమీది వ్రాత ఆంగ్లమే. చదువునకై వచ్చిన పిల్లలు వానిని క్షణములో చదివికొని పోవుదురు. వెంట వచ్చిన తల్లులలో కొందఱు మాత్రము "అదేమి? ఇదేమి?" యని యడుగుచు నడతురు. నేనును కొంతకాల మట్లే యడిగినదానను. భారత భాగవతములు చదివిన కన్నులకు మూడక్షరముల మాట యొకటి యడ్డుపడుట నాకు చిన్నతనముగా నుండెడిది.

గుణింతము నేర్చినవారికి ఈ పొట్టిమాటలు కష్టములు గావని తరువాత తెలిసినది. మన కాలు, కీలు, కేలు అను మాటలను చూడుడు. కకారము మారలేదు, చివరి 'లు' మారలేదు. నడుమనున్న అచ్చు మారినంతనే అవయవమే మారినది. ఆంగ్లములోను జరుగునది యిదియే. మనము అచ్చును హల్లునకు గుణింతముగా తగిలింతుము. వారు దానిని వేఱొక యక్షరముగా ప్రక్కన కూర్చుండబెట్టుదురు. ఇంతియే భేదము. వారి 26 అక్షరములలో ముఖ్యమైన అచ్చులు 5 మాత్రమే.

ముందు 'పి', వెనుక 'ఎన్' ఉంచి, నడుమ నొక్కొక్క అచ్చును పెట్టి చూడుడు. 'ఏ' పెట్టిన 'ప్యాన్': అది మనము వంటయింట వాడు పెనము. 'ఈ' పెట్టిన 'పెన్': అది కలము. 'ఐ' పెట్టిన 'పిన్': అది గుండుసూది. 'యూ' పెట్టిన 'పన్': అది శ్లేష. పింగళి సూరనార్యుడు రాఘవపాండవీయమున రామకథను భారతకథను ఒక్క పద్యములలోనే నడపిన ఆ శ్లేషకు ఆంగ్లేయుల పేరు ఇంత పొట్టిదా యని నేను నవ్వుకొంటిని.

అక్కడినుండి పంజాగుట్టవైపు పోయినచో ఆసుపత్రులు, మందుల దుకాణములు ఎదురగును. వైద్యుని చీటిలోను ఈ పొట్టిమాటలే. 'సి', 'పి' నడుమ 'ఏ' ఉన్న 'క్యాప్' అనగా టోపీ. కాని మందుల చీటిలో నది క్యాప్స్యూలునకు కుఱుచరూపము. 'యూ' ఉన్నచో అది మనము కాఫీ త్రాగు కప్పు. 'టి', 'బి' నడుమ 'ఏ' ఉన్న 'ట్యాబ్' చీటిలో మాత్రకు గుర్తు. 'యూ' ఉన్నచో నీళ్ల తొట్టి. కావున అక్షరములు గుర్తుపట్టుటతో పని ముగియదు. ఆ మాట ఏ తావున నున్నదో చూచి యర్థము నిర్ణయింపవలెను. శ్లేషపద్యమునకు అర్థము చెప్పుకొనునపుడు మనము చేయునదియు నిదియే గదా.

ఈ వివేకము లేకున్న నష్టమెట్లుండునో మా మేనత్తగారి వలన తెలిసినది. ఆమె పాత కుట్టుమిషను నమ్మదలచినది. ఎవడో ఫోనుచేసి, కొందునని చెప్పి, "3,000 రూపాయలు పంపుచున్నాను, అందుకొనుటకు మీ పిన్ నొక్కుడు" అనెను. ఆమె నొక్కినది. సొమ్ము రాలేదు సరిగదా, ఉన్న సొమ్ములో 3,000 పోయినవి. "ఏల నొక్కితివత్తా?" అని యడుగగా, "ఉత్తరము చేరుటకు పిన్ వలయును గదా, సొమ్ము చేరుటకును వలయుననుకొంటిని" అనెను. నాకు నోటమాట రాలేదు. ఆమె తెలివితక్కువది కాదు. ఒకే పలుకునకు గల రెండర్థములలో తనకు తెలిసిన దానిని పట్టుకొన్నది.

ఆమె యెఱిగిన పిన్ తపాలావారిది. 1972వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన అది మన దేశమున నమలులోనికి వచ్చినది. దానిని రూపొందించిన శ్రీరామ భికాజీ వేలణకరుగారు కేంద్రప్రభుత్వోద్యోగియే గాక సంస్కృతకవి కూడ. ఒకే పేరుగల యూళ్లు పెక్కులుండుటచేతను, చిరునామాలు పలు భాషలలో నుండుటచేతను ఉత్తరములు దారితప్పకుండుటకై యీ 6 అంకెల యేర్పాటు జరిగినది. పంజాగుట్ట సంఖ్య 500082. ఇది యెల్లరకును చెప్పదగినది. చెప్పినగాని ఉత్తరము రాదు.

రెండవ పిన్ బ్యాంకువారిది. ఫోనులో సొమ్ము పంపు యూపీఐ పద్ధతికి ఇది 4 లేక 6 అంకెలుగా నుండును. మన ఖాతానుండి సొమ్ము తీయుటకు మనమిచ్చు అనుమతియే యిది. సొమ్ము అందుకొనుటకు దీనితో పనియే లేదు. బ్యాంకువారమని చెప్పుకొన్నవారికి సైతము దీనిని తెలుపరాదు. మొదటి పిన్ మన యింటికి వచ్చుదారి; రెండవది మన యింటినుండి పోవుదారి. అక్షరములు మూడును అవియే, పలుకును అదియే. దారులు మాత్రము ఎదురెదురు.

సోదరీమణులారా, పిల్లలయొద్ద ఈ పొట్టిమాటలు నేర్చుకొనుటకు సిగ్గుపడకుడు. దినమునకు రెండు మాటలైనను చాలును. నేర్చునపుడు ఈ మాట మఱెక్కడ నున్నదో, అక్కడ దాని యర్థమేమో యడుగుట మఱువకుడు. ఒకవేళ మోసపోయినచో, ఇంటివారేమందురో యని దాచుకొని కూర్చుండక వెంటనే 1930 సంఖ్యకు ఫోనుచేసి, బ్యాంకువారికిని తెలుపుడు. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మాఱి దూరమగును.

మా మేనత్త యిపుడు ఎవరు పిన్ అడిగినను ఒక ప్రశ్న వేయుచున్నది: "వచ్చు పిన్నా, పోవు పిన్నా?" మొదట మా పిల్లలు నవ్విరి. ఇపుడు వారును అదే మాట వాడుచున్నారు.