శిక్షణ విమానాలు – ప్రమాదాలు – కారణాలు

చిన్న శిక్షణ విమానాన్ని గురించి సామాన్య ప్రజలలో ఒక అభిప్రాయం పాతుకొని వుంది. అది నెమ్మదిగా పోతుంది, ఎక్కువ ఎత్తుకు వెళ్ళదు, కనుక దానివల్ల పెద్ద ముప్పు వుండదన్నదే ఆ అభిప్రాయం. ఇందులో సగం మాత్రమే నిజం. సెస్నా 152 వంటి రెండు సీట్ల విమానం గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగానికి దిగినా గాలిలో నిలువగలదు. ఇంజను చెడి పొలంలో దిగవలసి వచ్చినా, సమతలమైన నేల దొరికితే లోపలివారు ప్రాణాలతో బయటపడే అవకాశం అధికం. అయితే తక్కువ వేగం, తక్కువ ఎత్తు ఒకేచోట కలిసినప్పుడు మాత్రం పరిస్థితి వేరు. ప్రాణనష్టం జరిగిన ప్రమాదాలలో చాలావాటి మూలం అక్కడే కనిపిస్తుంది.

ఈ చరిత్రలో మొదట చెప్పుకోవలసినది స్పిన్. అంటే విమానం అదుపు తప్పి, బొంగరంవలె గిరగిర తిరుగుతూ నేలకు రాలడం. తొలినాళ్ళలో ఇందులో చిక్కుకున్న వైమానికులు బతికి బయటపడి కారణం చెప్పిన సందర్భాలు బహు అరుదు. 1912 ఆగస్టు 25న ఇంగ్లండులోని శాలిస్‌బరీ మైదానంపై బ్రిటిష్ నౌకాదళానికి చెందిన లెఫ్టినెంట్ విల్‌ఫ్రెడ్ పార్క్ నడుపుతున్న ఏవ్రో విమానం అలాగే స్పిన్‌లో పడింది. ఆయన స్టిక్కును వెనక్కు లాగి పట్టాడు. విమానం ఎటు తిరుగుతున్నదో చుక్కానిని అటే తొక్కాడు. ఫలితం లేకపోయింది. ఇక ఆశ లేదనుకున్న క్షణంలో చుక్కానిని పూర్తిగా ఎదురు దిశకు తొక్కగా తిరుగుడు ఆగి, నేలకు దాదాపు 50 అడుగుల ఎత్తులో విమానం చక్కబడింది. చూపరులలో అనుభవజ్ఞులైన వైమానికులు ఉండడంవల్ల ఆ వివరాలన్నీ నమోదయ్యాయి. అదే ఏడాది డిసెంబరులో పార్క్ మరొక విమాన ప్రమాదంలో మరణించాడు. తరువాత ఫార్న్‌బరోలోని ప్రభుత్వ కర్మాగారంలో భౌతిక శాస్త్రవేత్త ఫ్రెడరిక్ లిండెమన్ స్వయంగా విమానం నడపడం నేర్చుకొని, 1917లో బుద్ధిపూర్వకంగా స్పిన్‌లోకి దిగి కొలతలు తీసుకున్నాడు.

రెక్క ఎందుకు మొరాయిస్తుంది?

స్పిన్‌కు ముందు దశను స్టాల్ అంటారు. కారు నడిపేవారికి ఈ మాట వినగానే ఇంజను ఆగిపోవడం తోస్తుంది. ఇక్కడ దానికీ దీనికీ సంబంధం లేదు. ఇంజను పూర్తి శక్తితో పనిచేస్తున్నా స్టాల్ సంభవిస్తుంది. ఎదురువచ్చే గాలికీ రెక్కకూ మధ్య కోణం సుమారు 15 డిగ్రీలు దాటినప్పుడు, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పారే గాలి దానినుండి విడిపోతుంది. విమానాన్ని పైకెత్తే బలం ఒక్కసారిగా సన్నగిల్లుతుంది, ముక్కు కిందికి వాలుతుంది. రెండు రెక్కలలో ఒకటి ఎక్కువగా బలం కోల్పోతే ఆ వైపు కూలబడి స్పిన్ మొదలవుతుంది.

దీనికి విరుగుడు స్టిక్కును ముందుకు వదలడం, కోణాన్ని తగ్గించడం. కాని విమానం ముక్కు నేలవైపు తిరిగి, పొలాలు పైకి లేచి వస్తున్నట్లు కనిపించే వేళ, చెయ్యి ముందుకు పోవడానికి ఇష్టపడదు. జారిపడేవాడు అందినదాన్ని లాగి పట్టుకున్నట్లే విద్యార్థి కూడా స్టిక్కును పొట్టలోకి లాగుతాడు. దానితో కోణం ఇంకా పెరుగుతుంది. మనిషికి పుట్టుకతో వచ్చిన ఈ స్వభావాన్ని మాన్పించడమే శిక్షణలో అతి కష్టమైన భాగమని చెప్పాలి.

ఈ పొరపాటు ఎక్కువగా జరిగే చోటు ఒకటుంది. అది దిగడానికి ముందు రన్‌వేకు ఎదురుగా తిరిగే చివరి మలుపు. అప్పటికి విమానం ఎత్తు సుమారు 500 అడుగులు. వేగం తగ్గించి వుంటుంది. వెనుకనుండి గాలి తోస్తే విమానం రన్‌వే సరళరేఖను దాటి అవతలికి పోతుంది. మలుపు బిగించవలసి వస్తుంది. నేలకు ఇంత దగ్గరలో విమానాన్ని ఎక్కువగా వాల్చడానికి భయపడిన విద్యార్థి, ఎవరికీ తెలియనట్లు కాస్త చుక్కాని తొక్కి ముక్కును లోపలికి తిప్పుతాడు. లోపలివైపు రెక్క వేగం తగ్గుతుంది. ముక్కు కిందికి జారుతుంది, స్టిక్కు వెనక్కు వస్తుంది. స్పిన్‌కు కావలసిన సరంజామా అంతా సిద్ధమైనట్లే. మలుపులో మరొక లెక్క కూడా వుంది. ఎత్తు కోల్పోకుండా 45 డిగ్రీలు వాలి తిరిగే విమానానికి స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీల వాలులో 41 శాతం. అంటే తిన్నగా పోయేటప్పుడు 80 కిలోమీటర్ల వద్ద స్టాల్ అయ్యే విమానం అప్పుడు 113 కిలోమీటర్ల వద్దనే స్టాల్ అవుతుంది.

సెస్నా 152 ఒక చుట్టు స్పిన్ తిరిగి తేరుకోవడానికి సుమారు 1,000 అడుగుల ఎత్తు ఖర్చవుతుంది. 500 అడుగుల వద్ద ఆ విద్య తెలిసి ప్రయోజనమేమి? ఈ ప్రశ్నపైననే దశాబ్దాలుగా వాదం నడిచింది. అమెరికాలో ఫ్రెడ్ వైక్ అనే ఇంజనీరు స్పిన్‌లో పడనే పడని విమానాన్ని నిర్మించాడు. 1937లో ఎగిరిన ఆ ఎర్‌కూప్‌కు చుక్కాని పెడల్స్ లేవు. ముక్కును అతిగా పైకెత్తే వీలు లేకుండా కట్టడి చేశారు. 1949లో ఆ దేశం ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు స్పిన్ శిక్షణ అవసరం లేదని తీర్మానించి, స్టాల్‌ను ముందుగా గుర్తించి తప్పించుకొనే అభ్యాసానికి ప్రాధాన్యమిచ్చింది. దీనితో ముప్పు పెరుగుతుందని పాతతరం శిక్షకులు హెచ్చరించారు. తరువాతి దశాబ్దాలలో స్టాల్, స్పిన్ ప్రమాదాల నిష్పత్తి పెరగలేదు సరికదా, తగ్గింది.

ఇందుకు భిన్నమైన ఆలోచన పైపర్ సంస్థ 1978లో అమ్మకానికి తెచ్చిన టోమహాక్‌ది. శిక్షకుల అభిప్రాయాలు సేకరించి, స్టాల్ అంటే ఏమిటో విద్యార్థికి నిజంగా తెలిసేలా దానిని రూపొందించారు. పాఠం బాగానే చెప్పింది. మూల్యం కూడా తీసుకున్నది. 1983లో రెక్కల ముందంచుకు అదనపు పట్టీలు తప్పనిసరి చేయవలసి వచ్చింది. తరువాతి అధ్యయనాలలో మొత్తం ప్రమాదాల సంఖ్యలో టోమహాక్ సెస్నా 150, 152ల కంటె మెరుగని తేలింది. ప్రాణాలు తీసిన స్పిన్ ప్రమాదాలలో మాత్రం దాని రేటే ఎక్కువ. రెండు వాక్యాలూ నిజమే కావడంవల్ల ఈ తర్కం ఒక కొలిక్కి రాలేదు.

ఇంజను, ఆకాశం

లేచిన వెంటనే ఇంజను ఆగిపోతే వెనుతిరిగి రన్‌వే చేరుకోవాలనిపించడం సహజం. అంత తక్కువ ఎత్తులో, శక్తి లేని విమానం ఆ మలుపును సాధారణంగా పూర్తి చేయలేదు. ఎదురుగా వున్న నేలపై దిగమని శిక్షకులు పదేపదే చెప్పేది ఇందుకే. ఇంజను ఆగడానికి కారణాలలో ఇంధనం చూసుకోకపోవడం సిగ్గుపడవలసిన కారణం. అయినా అది ప్రతి దేశంలోనూ వున్నదే.

మరొకటి మన కోస్తా వంటి తేమ ప్రాంతాలవారు నమ్మడానికి కష్టపడేది. అది కార్బురేటరులో మంచు కట్టడం. పెట్రోలు ఆవిరి కావడంవల్ల, గాలి పీడనం తగ్గడంవల్ల కార్బురేటరు లోపలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు పైగా పడిపోవచ్చు. 25 డిగ్రీల వెచ్చని, తేమ నిండిన ఉదయాన కూడా లోపల మంచు పేరుకొని ఇంజను గొంతు మూసుకుంటుంది. విమానం కూలాక ఆ మంచు కరిగిపోతుంది. దర్యాప్తు అధికారులకు నిర్దోషి ఇంజను మాత్రమే మిగులుతుంది.

మేఘాలలోకి ప్రవేశించడం వేరొక తరహా ప్రమాదం. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాల ఆధారంగా ఎగరడంలో అనుభవం లేని 20 మందిని బయట ఏమీ కనిపించని స్థితిలో పరీక్షించారు. అందరూ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన సగటు సమయం 178 సెకండ్లు. దిగంతం కనిపించనప్పుడు చెవిలోని సమతుల్య జ్ఞానం అబద్ధం చెబుతుంది. మలుపులో వున్నవాడు తిన్నగా పోతున్నాననుకుంటాడు.

యంత్రం తప్పు వున్నప్పుడు

ఇంతవరకు చెప్పినది చదివితే నేరమంతా విద్యార్థిదేనన్న భావన కలుగుతుంది. అది న్యాయం కాదు. హిందుస్తాన్ ఏరోనాటిక్స్ నిర్మించగా 1977లో తొలిసారి ఎగిరిన హెచ్‌పీటీ-32 దీపక్ విమానంపై భారత వైమానిక దళంలో ఎన్నో తరాల కేడెట్లు ఓనమాలు దిద్దుకున్నారు. గాలిలో ఇంజను ఆగిపోవడం దానిని వెంటాడిన సమస్య. ఆగినప్పుడు అది ఎక్కువ దూరం తేలిపోగలిగినదీ కాదు. 2009 జూలై 31న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు వింగ్ కమాండర్లు మరణించారు. ఇద్దరూ అనుభవజ్ఞులే. అంతటితో ఆ విమానాలన్నింటినీ నేలపైనే నిలిపివేశారు. అప్పటికి 17 ప్రమాదాలలో 19 మంది పైలట్లు ప్రాణాలు కోల్పోయారు. వాటి స్థానంలో స్విట్జర్లాండులో తయారైన పిలాటస్ పీసీ-7 మార్క్ 2 విమానాలు 2013లో దుండిగల్ అకాడమీకి వచ్చాయి. 2023 డిసెంబరు 4న తూప్రాన్ సమీపంలో అందులో ఒకటి కూలి శిక్షకుడు, కేడెట్ మరణించారు.

పౌర శిక్షణ రంగమూ ఈ దుఃఖానికి దూరం కాలేదు. 2019 అక్టోబరులో వికారాబాద్ జిల్లాలో సెస్నా 172 కూలి ఇద్దరు శిక్షణార్థులు, 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లాలో సెస్నా 152 కూలి ఒంటరిగా ఎగురుతున్న శిక్షణార్థి మరణించారు.

దీపక్ తరువాతి స్వదేశీ శిక్షణ విమానంగా హిందుస్తాన్ ఏరోనాటిక్స్ రూపొందించిన హెచ్‌టీటీ-40, 2016 మే 31న మొదటిసారి ఎగిరింది. అది స్పిన్‌లోనుండి తేరుకొనే విధానం తృప్తికరంగా లేకపోవడంతో తోక భాగాన్నీ చుక్కానినీ మార్చవలసి వచ్చింది. ఎడమ వైపు ఆరు చుట్లు, కుడి వైపు ఆరు చుట్లు తిప్పి, ప్రతిసారీ తేరుకున్నదని నిరూపించడానికి ఆ తరువాత కొన్నేళ్ళు పట్టాయి.