తపసి చెట్టు - బంక తీయు విద్య

విశాఖపట్టణమనగానే నౌకాశ్రయము, ఉక్కు కర్మాగారము స్ఫురించును. ఆ నగరముననే గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయము గలదు. 1956లో ఏర్పడిన ఈ సంస్థ ఏజెన్సీలో గిరిజనులు సేకరించు చింతపండు, తేనె, కరక్కాయలు మొదలగువానిని కొనుచున్నది. వానిలో తపసి బంక యొకటి. ఈ బంక నిచ్చు చెట్టు కొండలపై నానాటికి తరిగిపోవుచు వచ్చినది. దానిని కాపాడుటకై, దానిపై గొడ్డలి వేయువారికే శిక్షణ నిచ్చిన వృత్తాంతము పంచాయతీ సభ్యులు తెలిసికొనదగియున్నది.

తపసి చెట్టు ఇతర వృక్షములు నిలువజాలని ఎండు రాతినేలలలో పెరుగును. దాని బెరడు తెల్లగా, నున్నగా నుండి పలుచని కాగితపు పొరలవలె ఊడును. వేసవి నాటికి ఆకులన్నియు రాల్చి, తెల్లని మేనితో రాళ్ళ నడుమ ఒంటరిగా నిలిచియుండును. ఆ పేరునకు ఈ రూపమే కారణమేమో! కాయలపై దురదగొట్టు నూగు ఉండును గాని, లోని గింజలను వేయించి తినెదరు.

బెరడును గాయపరచినచోట స్రవించి గట్టిపడునదే బంక. ఇది నీటిలో కరగదు, నీటిని పీల్చి అనేక రెట్లు ఉబ్బును. ఈ గుణమువలననే విరేచన మందులలోను, ఆహార పదార్థములలోను, కట్టుడు పండ్లు అంటించు పొడిలోను దీనిని వాడుచున్నారు. పూర్వము పాశ్చాత్యులు పారశీక దేశపు బంకను వాడెడివారు. దానికి బదులుగా మన బంక ప్రవేశించి విదేశములలో గిరాకీ సంపాదించినది.

గిరాకీ పెరిగినకొలది చెట్టునకు కీడు మూడినది. గొడ్డలితో లోతుగా నరికినచో బంక త్వరగా కారునను నమ్మకము ఉండెడిది. ఆ వేటు బెరడును దాటి కొయ్యలోనికి దిగును. తపసి కొయ్య మెత్తనిది. అట్టి గాయము మానదు. అందులో నీరు చేరి, పురుగు పట్టి, కుళ్ళి చెట్టు గాలికి కూలును. చుట్టును నరికినచో నిలువుననే ఎండిపోవును. లేత చెట్లను సైతము విడువలేదు. గింజలు మనుష్యులకు, జంతువులకు ఆహారమగుటచేతను, మొలకలు కార్చిచ్చునకు మాడుటచేతను క్రొత్త చెట్లు లేచుటయు అరుదయ్యెను.

దీనికి గిరిజనుని అజ్ఞానమే కారణమనుట న్యాయము కాదు. మట్టి, బెరడు కలిసిన నల్లని బంకకును, శుభ్రమైన తెల్లని బంకకును ధరలో చెప్పుకోదగిన భేదము లేనప్పుడు ఓపికగా తీయుటవలన వానికి లాభమేమి? నేడు తాను విడిచిన చెట్టును రేపు మరియొకడు నరుకునను భయము కూడ కలదు.

1990 దశకమున ఈ చిక్కును విప్పు ప్రయత్నము జరిగినది. 1994లో బంక సేకరించు గిరిజనుల మేలునకై విశాఖపట్టణము కేంద్రముగా కోవెల్ ఫౌండేషన్ ఏర్పడినది. అది శాస్త్రీయముగా బంక తీయు పద్ధతిని గిరిజనులకు నేర్పినది. పద్ధతి కష్టమైనది కాదు. గొడ్డలికి బదులు పదునైన చిన్న కత్తితో బెరడును మాత్రమే తీయవలెను, కొయ్యకు తగులరాదు. చుట్టుకొలత సుమారు 90 సెంటీమీటర్లు, అనగా మూడడుగులు, నిండని చెట్టును ముట్టరాదు. కొన్ని దినముల కొకసారి గాటు పైయంచును పలుచగా చెక్కినచో బంక మరల ఊరును. మరుసటి యేడు పాత గాటును మాననిచ్చి వేరొకచోట తీయవలెను. బంకను నేలపై రాలనీయక శుభ్రమైన పాత్రలో పట్టి, ఆరబెట్టి, రంగునుబట్టి వేరుచేయవలెను.

శుభ్రమైన బంకకు ధర హెచ్చుగా వచ్చుటతో ఈ విద్య నిలిచినది. ఎన్ని ఉపన్యాసములు చెప్పినను, తూకము దగ్గర ఆ శ్రమకు విలువ కట్టనిచో మరుసటి వేసవికే గొడ్డలి తిరిగి వచ్చియుండెడిదని మా అభిప్రాయము.

ఇక పంచాయతీల పాత్ర. 1996 నాటి పీసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యమును గ్రామసభకు, పంచాయతీకి ఒసగవలెనని చెప్పుచున్నది. 2006 అటవీ హక్కుల చట్టము సేకరించు, అమ్ముకొను హక్కును ధ్రువపరచినది. 2002 జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయందును ఒక యాజమాన్య సంఘము ఏర్పడి, ఊరి వృక్షజాతులను పట్టికలో వ్రాయవలసియున్నది. 2022లో విశాఖ జిల్లానుండి విడివడి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన పాడేరు ప్రాంతపు పంచాయతీలకు ఈ మూడును వర్తించును.

ఏ కొండ ఏ కుటుంబముల వంతో గ్రామసభలో నిర్ణయించి వ్రాసియుంచినచో, రేపు మరియొకడు నరుకునను భయము తగ్గును. తీర్మానము వేసవికి ముందే జరుగవలెను. బంక తీయుటకు ఎండకాలమే అదను, వానలు పడిన బంక చెడును. గాయపడిన చెట్లకు ఆ యేడు విశ్రాంతి నొసగి, బాగుగా కాయు కొన్ని చెట్లను గింజలకై విడువవలెను. వేసవిలో పండిన గింజలను జాగ్రత్తచేసి, తొలకరికి రాతి సందులలో నాటి, రెండు మూడేండ్లు నిప్పు, పశువులు సోకకుండ కాచినచో మొక్క తన కాలిపై తాను నిలుచును.