నాలుగడుగుల పేగు

నాలుగేళ్ల కిందట రక్తం గడ్డకట్టి పేగు నల్లబడితే కోసి తీసేశారు. ఇరవై అడుగులదాకా ఉండే చిన్నపేగులో నాకు మిగిలింది నాలుగడుగులు. పెద్దపేగు మొత్తం ఉండటం నా అదృష్టమని డైటీషియన్ అమ్మాయి అంటే, ఓదార్పు మాటనుకున్నాను.

కాదు. చిన్నపేగు అరిగించుకోలేక వదిలేసిన అన్నాన్ని, రాగిసంకటిని పెద్దపేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు వాటిని పీల్చుకుంటే ఒంటికి శక్తి. రాత్రంతా దోసెల పిండి పులిసే గిన్నె నా కడుపులోనే ఉందన్నమాట.

చక్కెరతోనే పేచీ. ఓ పెళ్లిలో రెండు గ్లాసులు కూల్‌డ్రింకు తాగి, బంతి లేవకముందే నేను లేచి పరుగెత్తాను. ఒంటికి పట్టని చక్కెర నీటిని పేగులోకి లాగేస్తుంది. మరి ఓఆర్ఎస్‌లోనూ గ్లూకోజు ఉందిగా? ఉంది, లీటరుకు 13.5 గ్రాములే; పక్కన 2.6 గ్రాముల ఉప్పు. ఆ పాళ్లలో గ్లూకోజు, సోడియం జంటగా పేగుగోడ దాటుతూ నీటిని వెంటబెట్టుకెళ్తాయి.

మొన్న సంక్రాంతికి అరిసెల దగ్గర మనసాగలేదు. మర్నాడు మాట ముద్దగా వస్తోంది, నడక తూలుతోంది. "పొద్దున్నే తాగొచ్చావేంట్రా?" అన్నాడు బావ. చుక్క ముట్టలేదు. అరగని తీపి పెద్దపేగుకు చేరితే కొన్ని సూక్ష్మజీవులు డి-లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. అది రక్తంలో పేరుకుంటే ఇదీ వరస. మామూలు లాక్టేట్ పరీక్షలో దొరకదు, విడిగా అడిగి చేయించాలి.

ఇప్పుడు రోజుకు ఆరుసార్లు, గుప్పెడేసి అన్నం. అరిసెల డబ్బా అటక మీద ఉంది. నిచ్చెన బావ ఇంట్లో.